ఒక్కపొద్దు ఉన్న చీనీ మొక్కలు

అయ్యలారా, అమ్మలారా, ముందే చెప్పేస్తున్నాను. ఈ ముచ్చట ముగిసేసరికి ఒక పరిశోధకుడి పరువు కడప జిల్లా ఎర్రమన్నులో పూడుకుపోతుంది. ఆ పరిశోధకుడు నేనే. కాబట్టి మొహమాటం లేకుండా నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కొంచెం ఉంది గానీ, మీరు పట్టించుకోకండి.

అప్పట్లో నేను కర్నూలులో చీనీ చెట్ల జన్యువుల మీద పరిశోధన చేస్తుండేవాణ్ని. కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అదే మా చీనీ. నీళ్లు అందకపోతే ఆకు ఊరికే ఉండదు. దాని లోపల కొన్ని జన్యువులు నిద్ర లేచి "దాహం, దాహం" అని గోల పెడతాయి. ఆకు కోసి, ఆ గోలనంతా అక్షరం అక్షరం చదివించి, ఏ జన్యువు ఎంత గట్టిగా అరిచిందో కంప్యూటర్‌లో చూసుకోవడం నా పని. వినడానికి బాగుంటుంది. చేసేవాడికి మాత్రం ఓపిక కావాలి. నా దగ్గర లేనిది అదొక్కటే.

కుదురు అనేది మా గుమ్మం దాకా వచ్చి నన్ను చూసి వెనక్కి తిరిగిపోయిందని మా జేజి అంటుంది. జేజి అంటే మా నాయనమ్మ, హుసేనమ్మ. నేను కూర్చుంటే కాలు ఊగుతుంది. నిలబడితే వేళ్లు ఆడతాయి. అన్నం తింటూ ఫోను చూస్తాను, ఫోను చూస్తూ చెప్పులు వెతుక్కుంటాను, చెప్పులు దొరికాక ఎక్కడికి బయలుదేరానో మరిచిపోతాను. ఎవరైనా మాట మొదలుపెడితే వాళ్లు సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాను. ఆ జవాబు వాళ్లు అడగబోయేదానికి సంబంధం లేనిదైనా సరే.

మా గైడు సుజాత మేడం దీనికి పూర్తిగా ఎదురు. ఒక మాట అనాలంటే ముందు కళ్లజోడు తీసి, తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ పెట్టుకుని అప్పుడంటారు. ఆ కళ్లజోడు తుడిచే లోపల నేను గదిలో రెండు మూడు చుట్లు తిరిగేసేవాణ్ని.

ఇక ఈ కథకు మూలపురుషుడు ఓబుల్‌రెడ్డి మామ. పులివెందుల దగ్గర ఆయనకు చీనీ తోట ఉండేది. ఉండేది అని ఎందుకన్నానంటే, బోర్లు ఎండి తోట మొత్తం మోడైపోయింది. ఒక్క చెట్టు మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడింది. ఆ చెట్టు మొగ్గలు తెచ్చి జంబేరి నిమ్మ మొక్కల మీద అంటు కట్టించాం; పరీక్షకు పోను మిగిలినవి నర్సరీలో పెరుగుతున్నాయి.

"ఈ చెట్టుకు నిజంగానే బెట్టను తట్టుకునే గుణం ఉందా, లేక దాని వేళ్లకు ఎక్కడో దొంగనీళ్లు దొరుకుతున్నాయా, అది తేల్చు ఖాజా. తొందరపడకుండా తేల్చు," అన్నారు మేడం.

తేల్చు అన్నది విన్నాను. రెండోది వినే లోపల మెట్లు దిగేశాను.

కాలేజీలో మొక్కలు పెట్టుకునే నీడవల గాలికి సగం, కోతులకు సగం చిరిగిపోయి ఉంది. అందుకని మొక్కలను మా ఇంటి మిద్దె మీద పెట్టుకుంటానని మేడాన్ని బతిమాలాను. ఆవిడ కళ్లజోడు తుడిచి, ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు. ఒక వరుసకు రోజూ నీళ్లు పోయాలి. రెండో వరుసకు చుక్క కూడా పోయకూడదు. అవి తలలు వాల్చేదాకా తెల్లవారుజామున కొన్ని ఆకులు, ఎండ దిగే వేళ కొన్ని ఆకులు కోసి, మంచుపెట్టెలో పెట్టి కాలేజీకి పరుగెత్తాలి. పని ఇంతే. చంటిపిల్లాడైనా చెడగొట్టలేడు.

సరిగ్గా రంజాన్ నెల మొదలైన రోజే పని మొదలుపెట్టాను. ఆ పొద్దున నేను మొదటి వరుసకు నీళ్లు పోస్తుంటే జేజి మిద్దె మీదికి వచ్చింది.

"ఏమిరా, ఆ పక్క వాటికి పోసి ఈ పక్క వాటిని ఎండగడతాండావు? ఇవేం పాపం చేసినాయి?"

జన్యువులూ, దాహం గోలా ఇప్పుడెక్కడ వివరిస్తాం? నా ఒక కాలు అప్పటికే మెట్టు మీద ఉంది. మా ఇళ్లల్లో రంజాన్ ఉపవాసాన్ని ఒక్కపొద్దు అనే అంటాం. నోటికి అదే వచ్చింది.

"ఇవి ఒక్కపొద్దు ఉండాయి జేజీ!"

"చెట్లు గూడానా?"

"ఆఁ. మనకంటే వాటికే భక్తి ఎక్కువ."

జేజి మొక్కల వైపు గౌరవంగా చూసింది. చెంగు సర్దుకుంది కూడా.

"మరి ఒక్కపొద్దు ఎట్ల ఇడుస్తాయిరా? మనకైతే ఖర్జూరం ఉండాది, గంజి ఉండాది. వీటికి ఎవురు ఏం పెడతారు?"

"అబ్బా జేజీ! నాకు టైమైపోతాంది. అయ్యన్నీ నువ్వు చూసుకో!"

చూసుకో అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మీకు అప్పుడే సంగతి అర్థమై నవ్వుకుంటున్నారు కదా? నాకు అర్థం కావడానికి ఎండాకాలం సగం పట్టింది.

ఆ రోజు నుంచి జరిగింది ఇది. పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినపడగానే జేజి ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, చెంబు పట్టుకుని, మోకాళ్లు పట్టుకుని మిద్దెక్కేది. బిస్మిల్లా అని రెండో వరుసలోని ఒక్కో మొక్కకు నీళ్లు పోసేది. పగలంతా దాహంతో ఉన్న ప్రాణికి పొద్దుగూకినాక నీళ్లివ్వకపోతే అది ఉపవాసం కాదు, పస్తు. జేజి లెక్కలో తేడా ఎక్కడుంది చెప్పండి? ఆ వేళకు నేను మసీదు దగ్గర గంజి కోసం గిన్నె పట్టుకుని, ముందున్నవాడి భుజం మీదుగా తొంగి చూస్తూ ఉండేవాణ్ని. తెల్లవారి నేను ఆకులు కోసే వేళకు కుండీల పైమన్ను ఆరిపోయి ఉండేది. కర్నూలు గాలి అలాంటిది. తడిగుడ్డ దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది.

వారం దాటింది. మొక్కలు వాడలేదు. ఇంకో వారం గడిచింది. వాడకపోగా కొత్త చిగురు వేశాయి. నీళ్లు లేకుండా చిగురా!

మన్నులో తేమ చూసే మీటరు ఒకటి ఉండేది. గుచ్చి చూశాను. తడి ఉందని చూపించింది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? వేలు పెట్టి మన్ను తవ్వి చూస్తాడు. నేను మీటరును చెంపదెబ్బ కొట్టినట్టు రెండు తట్లు తట్టి, అది పాడైపోయిందని తీర్మానించి, అటక మీద పడేశాను. నేను పట్టిన చీనీకి దాహమే లేదు మరి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఓబుల్‌రెడ్డి మామకు ఫోను చేశాను.

"మామా! నీ చెట్టు బంగారం మామా! నీళ్లు లేకుండా చిగురేస్తాంది!"

"నిజమే చెప్తాండావా అబ్బీ? నీళ్లు లేకుండానా?"

"చుక్క లేదు మామా! చుక్క!"

మామ గొంతు తగ్గించి అన్నాడు.

"చూడబ్బీ. నాకు మిగిలింది కింది చేను ఒక్కటే. వానలు పడితే శెనక్కాయ ఏసుకుందామని పెట్టుకున్యా. నువ్వు గట్టిగా చెప్తే, దాంట్లో ఈ చీనీ నాటుతా. నీ మాట తప్పిపాయనంటే ఈ ఏడు నా ఇంట్లో పొయ్యిలో పిల్లి లెయ్యదు. ఆలోచించి చెప్పు."

ఆలోచించడానికి ఒక్కచోట నిలబడాలి. నేనప్పటికే వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

"పూచీ నాది మామా! గుంతలు తవ్వించు! లోతుగా తవ్వించు!"

"అట్లయితే సరే. పేరేం పెడతాం దీనికి?"

"ఖాజా చీనీ," అన్నాను సిగ్గు లేకుండా.

"ఏందీ? చెట్టు నాది, చేను నాది, గుంతలు నావి, పేరు నీదా?"

"ఓబుల్‌రెడ్డి చీనీ అంటే నోరు తిరగదు మామా."

"తిరక్కపోతే తినొద్దను!"

వేరు ఊనలేదు, పూత పూయలేదు, పండు పేరు మాత్రం సోమలింగం అన్నట్టు, ఇద్దరం పావుగంట పేరు కోసం పోట్లాడుకున్నాం. పరిశోధన చరిత్రలో ఇంతకంటే తొందరగా కీర్తి కోసం కొట్టుకున్నవాళ్లు ఉండరు.

పండగ అయింది. పండగ మరుసటి రోజు నేనే రెండో వరుసకు నీళ్లు పోసి, పరీక్ష ముగించాను. కోసి దాచిన ఆకులన్నీ జన్యువుల వరుస చదివే చోటికి బెంగళూరు పంపించాం. ఇక ఫలితాల కోసం ఎదురుచూపు. ఆ రోజుల సంగతి అడగకండి. మెయిల్ వచ్చిందా అని నిద్ర లేవగానే చూసేవాణ్ని, పళ్లు తోముతూ చూసేవాణ్ని, నమాజు ముగించి చెప్పులేసుకుంటూ చూసేవాణ్ని. ఒకసారి ఆటోలో కూర్చుని చూస్తూ చూస్తూ, దిగాల్సిన చోట దిగకుండా తుంగభద్ర వంతెన దాకా పోయాను. మధ్యలో మామ ఫోన్లు.

"గుంతలు అయిపోవచ్చినాయబ్బీ. ఊర్లో అందరూ వచ్చి చూసిపోతాండారు. ఎవురూ నమ్మలా. నేనైతే మావోడు చెప్పినాడని చెప్తాండా."

మావోడు! ఆ మాటకు ఛాతీ ఉబ్బి, చొక్కా గుండీ ఊడినంత పనైంది.

చివరికి ఫలితాలు వచ్చాయి. మేడం గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. అంటే ఆవిడ కూర్చున్నారు. రెండో వరుస మొక్కల్లో దాహం జన్యువులు ఎండ దిగే వేళకు గట్టిగా అరుస్తున్నాయి. తెల్లవారేసరికి గప్‌చుప్. మళ్లీ సాయంత్రం అరుపు, మళ్లీ తెల్లారేసరికి నిశ్శబ్దం. నెల పొడుగునా ఇదే వరుస.

"చూశారా మేడం! పగలు దాహం, రాత్రికి శాంతి! ఈ చీనీ రాత్రిపూట గాలిలో తేమ తాగుతోంది మేడం!"

మేడం కళ్లజోడు తీశారు.

"కర్నూలు గాలిలోనా?"

"అవును మేడం."

"ఎండాకాలంలోనా?"

"అదే కదా మేడం గొప్పతనం!"

ఆవిడ తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడుపు ఎంతసేపు సాగిందంటే, అద్దం అరిగిపోతుందేమోనని భయపడ్డాను.

"సరే. మరి ఈ ఒక్క రోజు చూడు. ఆ తెల్లవారి కూడా దాహం తగ్గలేదు. ఆ రాత్రి గాలిలో తేమ సెలవు పెట్టిందా?"

"అది... చెట్టుకు ఒంట్లో బాగుండలేదేమో మేడం."

"ఇంకో రోజు చక్కెరకు సంబంధించిన జన్యువులు ఉన్నట్టుండి లేచాయి. ఇదెందుకు?"

"సంతోషమేమో మేడం," అన్నాను. నవ్వకండి. నిజంగానే అన్నాను.

"మొక్కలకు ఎవరైనా నీళ్లు పోశారా ఖాజా?"

"మా ఇంట్లోనా? ఎవరున్నారు మేడం? నేను, మా జేజి. అంతే!"

"రేపు మీ ఇంటికి వస్తాను," అన్నారు మేడం.

మర్నాడు మేడం వచ్చేసరికి ఓబుల్‌రెడ్డి మామ కూడా దిగాడు. గుంతలన్నీ తయారైపోయాయట, మొక్కలు ఎప్పుడు ఇస్తామో అడిగిపోదామని పొద్దున్నే బస్సెక్కాడు. నాకేమో పెళ్లివారింట్లో ఉన్నంత సంబరంగా ఉంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, నేను మాత్రం వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతున్నాను. జేజి అందరికీ నిమ్మకాయ నీళ్లు తెచ్చింది.

మేడం ఒక గుక్క తాగి నెమ్మదిగా అడిగారు.

"అవ్వా, ఖాజా మిద్దె మీద పెట్టిన మొక్కలు మీరు చూశారా?"

"చూడకేమమ్మా! నెలంతా చూసుకున్యా. ఒక్కపొద్దు ఉన్న మొక్కలు గదా!"

"ఏం ఉన్నాయి?"

"ఒక్కపొద్దు. మావోడే చెప్పినాడు. పాపం పగలంతా నోట్లో చుక్క లేకుండా ఎండలో నిలబడుకోనుండె. పొద్దుగూకి అజాన్ పడంగానే నేను పోయి చెంబుతో నీళ్లు పోసి ఒక్కపొద్దు ఇడిపిస్తాంటి."

చేతిలో పళ్లెం పట్టుకుని నేను గుమ్మంలో ఆగిపోయాను. పుట్టి బుద్ధెరిగాక కదలకుండా నిలబడటం అదే మొదటిసారి.

"రోజూ పోశారా అవ్వా?" మేడం గొంతులో కోపం లేదు. అదే నాకు భయం.

"రోజూ పోసినా. ఒక్క దినం మాత్రం బనగానపల్లెలో మా కూతురు ఇఫ్తారుకు పిలిస్తే పోయింటి. ఆ దినం ఎవురు పోసింటారు వాటికి? అట్లే పస్తు పండుకున్యాయి."

మేడం లాప్‌టాప్ తెరిచి ఆ ఒక్క రోజు మీద వేలు పెట్టారు. నావైపు చూడలేదు. చూడాల్సిన పనేముంది?

"ఇంకో రోజు చక్కెర ఏమైనా...?"

జేజి కొంచెం సిగ్గుపడింది. "రంజాన్‌లో ఇరవయ్యేడో రాత్రి పెద్ద రాత్రి గదమ్మా. ఆ పొద్దు వీధిలో అందరికీ షర్బత్ చేసినా. మిగిలింటే వాటికి గూడా తలా కొంచెం పోసినా. పిల్లోల్లు తాగతాంటే చూస్తా ఉంటాయి గదా పాపం."

మేడం కళ్లజోడు తీశారు. ఈసారి తుడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వారు. జన్యువుల మీద పనిచేసే అంతమందిలో, షర్బత్ తాగిన రాత్రిని పట్టుకున్నది ఆవిడ ఒక్కరే అయ్యుంటారు.

"జేజీ!" పళ్లెం కింద పెట్టేశాను. "ఎవురు పోయమన్యారు జేజీ నిన్ను?"

"నువ్వే గదరా! అయ్యన్నీ నువ్వు చూసుకో అని, సగం మెట్లు దిగి అరిస్తివి! చూసుకున్యా. తప్పా?"

తప్పు కాదు. ఏ కోణంలో చూసినా తప్పు కాదు. జేజి నీళ్లు, మనవడి పేరు. దానికి ఖాజా చీనీ అని నామకరణం కూడా జరిగిపోయింది!

అప్పుడు ఓబుల్‌రెడ్డి మామ ముఖం చూశాను. మేడం నవ్వు అంతటితో ఆగిపోయింది. ఆయన నిమ్మకాయ నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నేల వైపు చూస్తున్నాడు.

"అయితే ఆ చెట్టు నీళ్లు లేకుండా బతకదా అబ్బీ?"

"తెలీదు మామా," అన్నాను. "బతుకుతుందో లేదో నేను చూడనే లేదు. చూసినానని చెప్పినా."

ఆ మాట అంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ చేను ఆయన ఇంటి పొయ్యి. నా తొందరకు ఆ పొయ్యిలో నీళ్లు పోయబోయాను. మొక్కలు నాటి ఉంటే వానాకాలం దాటేసరికి గుంతకొక పుల్ల మిగిలేది. మేడం ఒక్క రోజు ఆలస్యం చేసినా నేను నర్సరీలోని మొక్కలు లారీ ఎక్కించి ఉండేవాణ్ని. కూర్చోవడం తెలిసిన మనిషి ఒకరు ఉండటం వల్ల ఒక కుటుంబం నిలబడింది.

మామ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంగా వాన పడలా గదా," అన్నాడు చివరికి. "శెనక్కాయ ఏసుకునేదానికి టైముండాది. గుంతలు పూడ్చి చేను చదును చేస్తే సరిపాయ. ఏమప్పా, గుంతలు ఎవురు తవ్వించమన్యారు?"

"నేనే మామా."

"లోతుగా తవ్వించు అనింది ఎవురు?"

"అదీ నేనే మామా."

"అయితే ఎవురు పూడ్చల్ల?"

రాయలసీమ ఎండను గురించి మీరు విని ఉంటారు. నేను ఆ ఎండలో పార పట్టుకుని నిలబడ్డాను. ఊరంతా వచ్చి చూసింది. గట్టు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఇంటి నుంచి మరమరాలు తెచ్చుకుని మరీ చూసింది. "ఈయప్పేనా గాల్లో నీళ్లు తాగే చెట్టు కనిపెట్టింది?" అని ఒకామె అడిగితే, "ఆఁ, ఆయప్పే. ఇప్పుడు మన్ను తినే చెట్టు కనిపెడతాండాడు," అని ఇంకొకామె చెప్పింది. మొదటి గుంత పూడ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. సగం చేను అయ్యేసరికి నా ఒంట్లోని దాహం జన్యువులన్నీ కోరస్‌గా అరిచాయి. ఎండను తట్టుకునే గుణం నాకు లేదని ఏ కంప్యూటరూ అవసరం లేకుండా తేలిపోయింది.

ఆశ్చర్యం ఏమిటంటే, మేడం ఆ ఫలితాలను పారేయలేదు. రోజంతా దాహంతో ఉన్న చీనీ పొద్దుగూకాక కొంచెం నీళ్లు తాగితే లోపల ఏమవుతుందో చెప్పే సమాచారంగా వాటిని వాడుకున్నారు. అయితే ఒక షరతు. నీళ్లు ఎప్పుడు పోశామో నిజం రాయాలి. రాశాను. పట్టా కోసం జరిగిన ఆఖరి పరీక్షలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు.

"ఒక్క రోజు తప్ప ప్రతిరోజూ సరిగ్గా సూర్యాస్తమయానికి నీళ్లు పోశారే! ఇంత క్రమశిక్షణ ఎలా సాధ్యమైంది?"

మేడం కిటికీ బయటికి చూశారు. నేను నేల వైపు చూశాను.

"మా జేజికి ఆకలి వేళ తప్పదు సార్," అన్నాను.

ఇంతకీ గుంతల సంగతి. చేను చివరి దాకా పూడ్చుకుంటూ పోయి, గట్టు పక్కనున్న ఆఖరి గుంత దగ్గరికి వచ్చేసరికి ఓబుల్‌రెడ్డి మామ నా చేతిలో పార పట్టుకున్నాడు.

"చాలు అబ్బీ. దీన్ని ఇడిసిపెట్టు."

"ఎందుకు మామా? ఇదొక్కటే కదా మిగిలింది?"

"ఉండనీ. నువ్వు మళ్లా ఏమన్నా కొత్తది కనిపెట్టి నాకు ఫోను జేస్తావు గదా. ఆ పొద్దుకు తవ్వే పని లేకుండా ఉంటాది. శానా లోతుగానే ఉండాది, నీకు సరిపోతాది."

ఆ గుంత అంచున నిలబడి, బొబ్బలెక్కిన కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని, గట్టు మీదున్న జనం సాక్షిగా ప్రమాణం చేశాను. మన్నులో వేలు పెట్టి చూడకుండా ఏ మొక్క గురించీ గొప్పలు చెప్పను. మీటరు మాట కాదనను. మెట్లు దిగుతూ ఎవరికీ జవాబు చెప్పను. ముఖ్యంగా, ప్రాణం పోయినా సరే, మా జేజితో "అయ్యన్నీ నువ్వు చూసుకో" అనను.

ఆ ప్రమాణం నేటికీ తప్పలేదు. మామ ఏటా శెనక్కాయ వేస్తున్నాడు. ఆ గుంత చుట్టూ నాగలి తిప్పుకుంటూ వేస్తున్నాడు.